ఇంటి లెక్క, ఇంటి గుట్టు



మనల్ని ఈ సాయంత్రం ఇక్కడికి చేర్చిన పేరు నా వెనుక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం ‘సారు’ అనే అంటాను. ఈ హాల్లో సగం మందికి ఆయన ఆ మాటతోనే తెలుసు. బోధన్‌లో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. పదేళ్లకోసారి జనం లెక్క కూడా రాశారు. నిజాం కాలపు ఉర్దూ ఇంకా నోట ఆడే మా నాన్న తరం వాళ్లు ఆయన గల్లీలోకి వస్తే ‘మర్దుంషుమారి సారొచ్చిండు’ అనేవాళ్లు.

ఆయన పేరిట ధర్మనిధి పెట్టిన కుటుంబం, ఈసారి దేని మీద మాట్లాడతావని నన్ను అడిగింది. నేను ఎక్కువ ఆలోచించలేదు. 2011 తర్వాత 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల ఆగిపోయింది. 2025 జూన్ 16 నోటిఫికేషన్ ప్రకారం 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని అది మళ్లీ మన గడపల ముందుకు వస్తోంది. ఈసారి ఎన్యూమరేటర్ చేతిలో కాగితం బదులు ఫోన్ ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి అందరి కులమూ అడుగుతారు. అడిగినవన్నీ చెప్పి తీరాలా? చెప్పిన మాట ఎక్కడికి పోతుంది? మూడు నాలుగేళ్లుగా నిజామాబాద్‌లో ఏ వాడకట్టుకు పోయినా నన్ను జనం అడుగుతున్న ప్రశ్నలు ఈ రెండే. వాటికి జవాబు వెతకడమే ఈ ఉపన్యాసం.

అరుగు మీద అడిగిన ప్రశ్న

1991 ఫిబ్రవరి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరును. సారు మా సూపర్‌వైజర్. శక్కర్‌నగర్ పక్కన నాకు ఒక బ్లాకు ఇచ్చారు. చెరకు ఆడే కాలం అది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ గేటు ముందు పగలూ రాత్రీ చెరకు బండ్లు వరస కట్టి ఉండేవి. ఊరంతా మొలాసిస్ వాసన.

ఒక ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. చుట్టూ ఆడవాళ్లు చేరారు. ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికి ఉన్నారు అన్న ప్రశ్న వచ్చింది. నలుగురికీ వినపడేలా గట్టిగానే అడిగాను. ఆ ఇల్లాలు అత్త ముఖం కేసి ఒకసారి చూసి, ‘ఇద్దరు పుట్టిన్రు, ఇద్దరున్నరు’ అంది. రాసుకుని లేచాను.

రెండు రోజులకు ఆమె సారు ఇంటికి వెళ్లింది. ఆయన భార్య దగ్గర కూర్చుని చెప్పింది. ‘ముగ్గురమ్మా. పెద్దది ఆడపిల్ల. నెల గూడ దాటలే. మా ఇంట్ల దాని ముచ్చట తియ్యద్దంటరు.’ సారు నన్ను పిలిపించి ఆ గడి మళ్లీ రాయించారు. కోప్పడలేదు. ‘ఆమె అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పేందుకు నువ్వామెకు చోటియ్యలేదు’ అన్నారు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. జనం గుట్టు దాచుకుంటారు కాబట్టి లెక్క తప్పుతుందని అధికారులు అనుకుంటారు. లెక్కలోకి ఎక్కితే గుట్టు పోతుందని జనం అనుకుంటారు. నాకు తెలిసినంతలో గుట్టుకు భరోసా దొరికిన చోటే లెక్క నిజమవుతుంది. ఆ తల్లి పెద్ద బిడ్డ, పుట్టి పోయిన ఆ ఆడపిల్ల, ఈ దేశపు శిశుమరణాల లెక్కలోకి ఎక్కింది సారు ఇంటి వంటగదిలో నెమ్మదిగా చెప్పిన మాట వల్ల.

చట్టం ఏమంటోంది?

జనగణన మన ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదు. దానికి 1948లో చేసిన చట్టం ఉంది. ఎన్యూమరేటర్ అడిగిన ప్రశ్నకు, మనకు తెలిసినంత మేరకు, నమ్మినంత మేరకు జవాబు చెప్పి తీరాలని 8వ సెక్షన్ అంటుంది. కావాలని తప్పు చెప్పినా, చెప్పనని మొరాయించినా 11వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ చట్టంలోనే ఉన్న మరికొన్ని మాటలు గడప దగ్గర ఎవరూ చెప్పరు. ఇంట్లోని ఆడవారి పేర్లు చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని 8వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. భర్త పేరుగానీ, చనిపోయిన భర్త పేరుగానీ, ఆచారం ప్రకారం పలకకూడని మరే పేరుగానీ చెప్పాల్సిన పని స్త్రీకి లేదు. నాకు ఒక పెద్దావిడ గుర్తుకొస్తుంది. ‘మా ఇంటాయన పేరు నేనెట్ల జెప్త సారూ, భీమ్‌గల్ గుట్ట మీది దేవుని పేరే’ అంది. లింబాద్రి అని రాసుకున్నాను. ఆమె పేరు పలకలేదు, లెక్క ఆగలేదు. ఇవాళ ఆ ఆచారం మనకు వెనకబాటుగా తోచవచ్చు. నేను చూడమనేది వేరే సంగతి. దేశమంతటినీ జవాబు చెప్పమని నిర్బంధించిన చట్టం, ఒక ఇల్లాలు మౌనంగా ఉండే హక్కును అదే సెక్షన్‌లో ఒప్పుకుంది. మనిషికి పెదవి దాటని మాటలు కొన్ని ఉంటాయని 1948లోనే మన శాసనానికి తెలుసు.

ఇక 15వ సెక్షన్. జనగణనలో రాసిన ఏ పుస్తకాన్నీ, ఏ రికార్డునూ తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. అందులోని ఏ వివరాన్నీ సివిల్ దావాలో సాక్ష్యంగా తేకూడదు. జనగణన చట్టాన్నే ఉల్లంఘించిన నేరంలో తప్ప క్రిమినల్ కేసులోనూ తేకూడదు. మీ దాయాది భూతగాదాలో మీ జవాబును పట్టుకుని కోర్టుకు పోలేడు. విన్న వివరాన్ని అనుమతి లేకుండా బయటపెట్టిన ఎన్యూమరేటర్‌కు జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు. చెప్పనన్నవాడికి వెయ్యి రూపాయలు, చెప్పింది బయటపెట్టినవాడికి మూడేళ్ల ఖైదు. ఆ చట్టం దేన్ని పెద్ద నేరంగా చూసిందో ఈ రెండు శిక్షలే చెబుతున్నాయి.

గుట్టు మనది కాదా?

గోప్యత పడమటి దేశాల నుంచి వచ్చిన సరుకని, మన ఊళ్లలో అందరి సంగతీ అందరికీ తెలుసని వాదించేవాళ్లున్నారు. కానీ మన పెద్దలే దాచుకోవలసిన తొమ్మిదింటిని నవగోప్యాలన్నారు. వాటిలో మొదటి మూడు వయసు, ధనం, ఇంటిలోని లోపం. జనగణన షెడ్యూలు తీసి చూడండి. వయసు అడుగుతుంది. ఇంట్లో ఏ వసతులున్నాయో అడుగుతుంది. వైకల్యం ఉన్నవారెవరో అడుగుతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అని విభీషణుణ్ణి తలచుకుంటూ పెరిగిన మనకు గోప్యతను ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

దాన్ని న్యాయస్థానంలో నిలబెట్టినవాళ్లలో మొదటి వరసలో ఉన్నది మన తెలుగువాడే. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టి ఒక మనిషి మీద నిఘా పెట్టడం గురించిన కేసు అది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ధర్మాసనంలో ఎక్కువమంది అన్నారు. అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని సుబ్బారావు విడిగా తీర్పు రాశారు. ఆయన మాట అప్పుడు ఓడిపోయింది. దాదాపు 55 ఏళ్లకు, 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. సుబ్బారావు రాసిందే నిలిచింది.

రెంటికీ మధ్య మన హైదరాబాద్ కేసు ఒకటుంది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ చేసింది. దాని ప్రకారం బ్యాంకుల్లో ఉన్న ఖాతాదారుల పత్రాలను కూడా అధికారులు తనిఖీ చేయవచ్చు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి పోయినా దాని మీది గోప్యత ఖాతాదారుడిదే అన్నది ఆ తీర్పు సారం. జనగణనకూ ఇదే వర్తించాలి. జవాబు ప్రభుత్వం చేతిలో పెట్టినంత మాత్రాన ఆ జవాబు మీద నాకు హక్కు పోదు.

అయినా చెప్పి తీరాలి

అట్లయితే ఇష్టమున్నవాళ్లే చెప్పండి అని ఊరుకోవచ్చు కదా? కూడదు. ఎందుకో మన బోధన్‌నే చూసి చెబుతాను.

2011 లెక్కల్లో బోధన్ పట్టణ జనాభా 77,573. అప్పటికి ఫ్యాక్టరీ ఇంకా ఆడుతోంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొందిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. చెరకు వేసినవాళ్లు వరికి, సోయాకు మారారు. కార్మికుల పిల్లలు హైదరాబాద్‌కో గల్ఫ్‌కో పోయారు. ఇది మనం కళ్లతో చూసిందే. కానీ దేశపు లెక్కలో బోధన్ ఇవాళ్టికీ ఫ్యాక్టరీ ఉన్న ఊరే. ఫ్యాక్టరీ మూతపడ్డాక జనగణన ఈ ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. 2016లో కామారెడ్డి విడిపోయాక మిగిలిన నిజామాబాద్ జిల్లా జనాభా 15,71,022 అని రాస్తున్నాం. అదీ 2011 లెక్కను విడగొట్టి తీసిన సంఖ్యే.

ఉమ్మడి జిల్లాలో 2011లో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లున్నారు. దేశమంతా 943 ఉన్న కాలంలో మన దగ్గర 1,040. ఆడపిల్లను గౌరవించే నేల అని కొందరు మురిసిపోయారు. గౌరవం ఉండవచ్చు. ఆ సంఖ్య వెనుక దుబాయిలో, మస్కట్‌లో, బొంబాయిలో ఉన్న మన మగవాళ్లు కూడా ఉన్నారు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, రోజుకు ఇన్ని బీడీలని చుడుతూ ఇల్లు నడిపే ఆడవాళ్లున్నారు. ఏ ఇంటి గుట్టూ బయటపడకుండా జిల్లా బతుకంతా ఒక్క అంకెలో చెప్పడం జనగణనకే సాధ్యం. ప్రతి ఇల్లూ నోరు విప్పితేనే ఆ అంకె వస్తుంది.

2013 ఆహార భద్రతా చట్టం కింద ఎందరికి బియ్యం ఇవ్వాలన్నది చివరిసారి ప్రచురించిన జనగణన మీద ఆధారపడి ఉంది. అంటే 2011 తర్వాత పెరిగిన జనానికి కోటా పెరగలేదు. లెక్క ఆలస్యమైతే ఆకలి పడేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఇష్టమున్నవాళ్లే చెప్పండి అంటే ఏమవుతుందో కెనడా చూసింది. 2010లో అక్కడి ప్రభుత్వం గోప్యత పేరు చెప్పి, జనగణనలోని పెద్ద ఫారాన్ని స్వచ్ఛందం చేసింది. దేశ ప్రధాన గణాంకాధికారి మునీర్ షేక్ అది సరైన మార్గం కాదని రాజీనామా చేశారు. 2006లో నూటికి 94 దాకా వచ్చిన జవాబులు 2011లో 69 దగ్గరికి పడిపోయాయి. నమ్మదగిన లెక్క దొరక్క వెయ్యికి పైగా చిన్న ఊళ్ల వివరాలు ప్రచురించనే లేదు. 2016లో మళ్లీ తప్పనిసరి చేశారు. అక్కడ మాయమైనవి మహానగరాలు కావు. మన వర్ని, కోటగిరి, రెంజల్ వంటి చోట్లు. స్వచ్ఛందం అన్నప్పుడు ముందుగా లెక్క తప్పేది పేదవాళ్లు, వలసపోయినవాళ్లు, నాలుగు వందల ఇళ్లు కూడా లేని చిన్న కులాలవాళ్లు.

భయం ఎక్కడ పుట్టింది?

ఇంత మేలు చేసే లెక్కను చూసి జనం ఎందుకు జంకుతున్నారు? వాళ్లది అజ్ఞానమని నేను ఒప్పుకోను. వాళ్ల భయానికి కారణాలున్నాయి.

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. సెలవు ఇచ్చారు. బొంబాయి, భీవండి, హైదరాబాద్ నుంచి మనవాళ్లు రైళ్లలో నిలబడి వచ్చి ఇళ్లలో కూర్చున్నారు. కేసు హైకోర్టుకు పోయినప్పుడు ఈ సర్వే స్వచ్ఛందమని ప్రభుత్వం చెప్పింది. కోర్టులో చెప్పిన ఆ మాట మన ఊళ్లకు చేరలేదు. ‘ఆ రోజు ఇంట్ల లేకుంటే కార్డు పోతది, పింఛన్ పోతది’ అన్న మాటే చేరింది. చట్టం నిర్బంధించని చోట భయం నిర్బంధించింది. భయపడ్డవాడు రెండు రకాలుగా జవాబు చెబుతాడు. ఉన్నది దాస్తాడు, లేనిది చూపిస్తాడు. రెండూ లెక్కను చెడగొట్టేవే.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దాదాపు 30 ప్రభుత్వ జాబితాలను పేరు, చిరునామాల ఆధారంగా ఒకదానితో ఒకటి జతచేసే ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు తెలంగాణలో వచ్చింది. ఒక జాబితాలో చెప్పింది మరో జాబితాలో కోతకు కారణం కావచ్చని పేదవాడికి తెలిసిపోయింది. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు కూడా రాలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. పింఛను మీద బతికే బీడీ కార్మికురాలు తలుపు దగ్గర నిలబడి ‘ఇది రాస్తే నా పింఛన్ ఆగుతదా’ అని అడిగితే, ఆ ప్రశ్నలో పదేళ్ల అనుభవం ఉంది.

ఆ తర్వాత జాతీయ జనాభా రిజిస్టర్. 2010లో ఇళ్ల లెక్కతో పాటే దాని వివరాలూ సేకరించారు. 2020లోనూ అట్లాగే చేయాలనుకున్నారు. జనగణన 1948 చట్టం కింద నడుస్తుంది. ఈ రిజిస్టర్ పౌరసత్వ నియమాల కింద నడుస్తుంది. మొదటిది మనుషులను అంకెలుగా మార్చి పేర్లు పక్కన పెడుతుంది. రెండోది పేర్లను ఉంచుతుంది, అనుమానమున్న పేర్లకు గుర్తు పెట్టే వీలు కూడా ఆ నియమాల్లో ఉంది. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే గడప దగ్గర అడిగితే ఇల్లాలికి తేడా ఎట్లా తెలుస్తుంది? నిజామాబాద్‌లో 2019 డిసెంబరులో జనం పెద్ద ఎత్తున రోడ్డెక్కారు. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ దీనికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. జనన పత్రం తన దగ్గరే లేదని అప్పటి ముఖ్యమంత్రి సభలో అన్నారు. మన జిల్లాలో పాత తరం చాలామంది పరిస్థితి అదే. ఏ సంవత్సరం పుట్టావంటే ‘పోలీసు యాక్షన్ నాటికి చంకల పిల్లను’ అని చెప్పేవాళ్ల నుంచే నేను మూడుసార్లు వయసు రాసుకున్నాను.

జాబితా మనుషుల మీదికి తిరగబడటం తెలుగు నేలకు కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వంటి తెగల పేర్లు రాసి, వేలిముద్రలు తీసి, రోజూ హాజరు వేయించారు. 1913లో వెలసిన స్టూవర్టుపురం కథ అదే. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర మోస్తున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న లక్షా ఇరవై వేల మందిని శిబిరాల్లో పెట్టినప్పుడు, వాళ్లు ఏ వీధుల్లో ఎక్కువగా ఉన్నారో తెలుసుకోవడానికి జనగణన వివరాలు వాడారు.

ఇంకో రకం ప్రమాదం దురుద్దేశం లేకుండానే జరుగుతుంది. 2024 జనవరిలో ప్రభుత్వ పథకాల కోసం జనం నింపి ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్‌లో బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడ్డాయి. తరలించేటప్పుడు జారిపడ్డాయి. గోప్యత అంటే పెద్ద కంప్యూటర్ల రక్షణ అనుకుంటాం. దానికంటే ముందు అట్టపెట్టెకు గట్టిగా కట్టిన తాడు.

లెక్క వేరు, జాబితా వేరు

ఈ చిక్కును విప్పిన తీర్పు ఒకటుంది. పశ్చిమ జర్మనీ 1983లో జనగణన తలపెట్టింది. నాజీల రిజిస్టర్లు ఏం చేశాయో చూసిన జనం అది. ఊరూరా నిరసనలు లేచాయి. 1983 డిసెంబరు 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. లెక్క తీయడం సబబే, జనం జవాబు చెప్పాల్సిందే అంది. కానీ ఆ జవాబులతో మున్సిపాలిటీ రిజిస్టర్లను సరిచూసుకోవచ్చన్న భాగాన్ని కొట్టేసింది. తన వివరం ఎవరికి, దేనికి వెళ్లాలో తేల్చుకునే హక్కు మనిషిదేనని ప్రకటించింది. మార్పులు చేసిన చట్టంతో 1987లో అక్కడ జనగణన జరిగింది.

నా అభిప్రాయమూ ఇదే. జనగణన తప్పనిసరిగా ఉండాలి. అది లెక్కగానే ఉండాలి, జాబితాగా మారకూడదు. ఒక ఇల్లు చెప్పిన జవాబు ఏ రూపంలోనూ ఆ ఇంటి మీదికి తిరిగి రాకూడదు. ఆ హామీ ఉంటే ‘చెప్పి తీరాలి’ అనే హక్కు రాజ్యానికి వస్తుంది. ఆ హామీ లేకపోతే రాదు.

ఈ కొలతతో 2024 నవంబరులో జరిగిన మన ఇంటింటి కుల సర్వేను చూద్దాం. 56 ప్రధాన ప్రశ్నలు, 19 అనుబంధ ప్రశ్నలు. కులంతో పాటు భూమి, ఆదాయం, అప్పులు కూడా అడిగారు. 1,12,15,134 కుటుంబాల వివరాలు వచ్చాయి. దాదాపు 3.56 లక్షల కుటుంబాలు లెక్కలోకి రాలేదు. కొన్ని ఇళ్లకు తాళాలు, కొందరు చెప్పబోమన్నారు. ప్రతిపక్షంలోని కొందరు పెద్ద నాయకులూ వివరాలివ్వలేదు. 2025 ఫిబ్రవరిలో వాళ్లందరికీ మరోసారి అవకాశం ఇచ్చారు. వెనుకబడిన తరగతులు 56.33 శాతమని తేలిన ఆ లెక్క మీద శాసనసభలో, వీధుల్లో పెద్ద చర్చ నడిచింది, ఇంకా నడుస్తోంది.

నేను ఆ సర్వే ఉద్దేశాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎవరెంతమందో తెలియకుండా న్యాయం పంచలేం. అందుకే దాని లోటునూ చెప్పాలి. 2014 సర్వే గానీ, 2024 సర్వే గానీ జనగణన చట్టం కింద జరిగినవి కావు. ఆ చట్టంలోని 8వ సెక్షన్ నిర్బంధం వాటికి లేదు. 15వ సెక్షన్ రక్షణా లేదు. జనగణన కన్నా లోతైన ప్రశ్నలు అడిగి, జనగణన ఇచ్చే కాపుదల ఇవ్వలేదు. అప్పు ఎంతుందో చెప్పమంటే ముఖం తిప్పుకున్న రైతును నేను తప్పుపట్టలేను.

గడప దగ్గర చేయవలసినవి

కాబట్టి నా విన్నపాలు కొన్ని. రాష్ట్రం మళ్లీ ఎప్పుడు ఇంటింటి సర్వే తలపెట్టినా ముందు శాసనసభలో ఒక చట్టం చేయాలి. అందులో 15వ సెక్షన్ వంటి రక్షణ, వివరం బయటపెట్టినవారికి జైలు ఉండాలి. పుట్టస్వామి తీర్పు కోరిన మొదటి షరతు కూడా అదే, ముందు చట్టం ఉండాలని. జనగణనను, జనాభా రిజిస్టర్‌ను ఒకే చేతిలో, ఒకే రోజు పెట్టకూడదు. ఫోన్‌లో నమోదయ్యే జవాబులను రేషన్, పింఛన్, పన్ను, ఓటరు జాబితాలతో కలపబోమని కేంద్రం విడిగా, స్పష్టంగా ప్రకటించాలి.

రాజకీయ పక్షాలకూ ఒక మాట. లెక్క మీకు నచ్చకపోతే దాని పద్ధతి మీద వాదించండి. వివరాలు ఇవ్వకండని జనానికి చెబితే రేపు లెక్కలో మాయమయ్యేది మీ కార్యకర్త ఇల్లే.

మిగిలినదంతా ఎన్యూమరేటర్ చేతిలో ఉంది. ఇక్కడ యువ టీచర్లు, అంగన్‌వాడీ అమ్మలు చాలామంది కనిపిస్తున్నారు. మన ఊళ్లలో ఇల్లాలు అందరికన్నా ఎక్కువగా జంకేది వాడకట్టు చెవులకే. అరుగు మీద అడగకండి. లోపలికి రమ్మంటే లోపల కూర్చుని, గొంతు తగ్గించి అడగండి. పక్కన సర్పంచ్ ఉన్నా, వార్డు మెంబర్ ఉన్నా కాసేపు దూరంగా ఉండమనండి. కోడలిని అడగవలసింది అత్త నోట రాయకండి. ఉర్దూ ఇంట్లో ఉర్దూలో, మరాఠీ ఇంట్లో మరాఠీలో, తండాలో లంబాడీలో అడగగలిగినవాళ్లను వెంట తీసుకుపోండి.

చివరగా సారు గురించి ఒక్క సంగతి. ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెడతారు. 1991లో ఆ రాత్రి మేమిద్దరం బోధన్ బస్టాండు చూసుకుని, చెరకు కొట్టడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కూలీల దగ్గరికి వెళ్లాం. బండ్ల కింద పిల్లలు పడుకుని ఉన్నారు. ఒక ముసలాయన మరాఠీలో అడిగాడు. పేరు రాసుకుని పోలీసులకు ఇస్తారా అని. సారు టార్చి ఆర్పి ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. ఇది ఎవరికీ చూపించడానికి లేదని, చూపిస్తే తననే జైల్లో పెడతారని మరాఠీలోనే చెప్పారు. ఆ తర్వాతే ముసలాయన పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పదకొండు మంది.

సారు ఇచ్చిన మాట ఆయన సొంతం కాదు. 15వ సెక్షన్ రూపంలో దేశం ఇచ్చిన మాట. దాన్ని తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో ఒక చీటీ మీద రాసుకోండి. మొదటి ప్రశ్న అడగక ముందు ప్రతి గడప దగ్గరా చదివి వినిపించండి. తలుపు తీసే అమ్మలకు, అన్నలకు నా మనవి ఒకటే. ఆ మాట చదివి వినిపించమని మీరే అడగండి. విన్న తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ, ఉయ్యాలలోని పిల్లతో సహా, లెక్కలో రాయించండి.